తత్త్వశాస్త్రంలో మంచి వ్యాసం ఎలా రాయాలి: కొండ మీది పొగమంచుతో ఒక పాఠం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పుట్టి, డిగ్రీలో దర్శనశాస్త్రం ఆనర్స్ తీసుకున్న పిల్లలు ఏటా కొందరు వ్యాసాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పరీక్షలో ఒడియా లేదా ఇంగ్లీషు. ప్లస్ టూలో లాజిక్ చదివి వచ్చినవారికి తర్కంలోని పేర్లన్నీ తెలుసు. అయినా పది వ్యాసాలు చూస్తే ఎనిమిదింటి తీరు ఒకటే. ప్లేటో ఇలా అన్నాడు, శంకరుడు అలా అన్నాడు, డెకార్ట్ ఇంకోలా అన్నాడు, అందరి మాటల్లోనూ కొంత సత్యం ఉంది. ఎవరెవరు ఏమన్నారో అందులో దొరుకుతుంది. రాసిన మనిషి ఏమంటున్నదో మాత్రం ఎంత వెతికినా దొరకదు.

తత్త్వశాస్త్ర వ్యాసానికి బలం ఎక్కడి నుంచి వస్తుందో ముందే చెబుతాను. మీరు ఒక చిన్న మాట అనాలి. అలా అనడానికి కారణం చూపాలి. ఆ కారణాన్ని పడగొట్టగల సమర్థుణ్ణి మీరే పిలిచి ఎదుట కూర్చోబెట్టాలి. ఆయన అడిగిన తర్వాత మీ మాటలో ఎంత మిగిలిందో నిజాయితీగా రాయాలి. ఇక్కడి నుంచి కింద రాసినదంతా ఆ పనికి కావలసిన మెట్లే. పోయినేడు ఒక పర్లాకిమిడి అమ్మాయి రాసిన వ్యాసాన్ని వెంట పెట్టుకుని నడుద్దాం.

మొదట ప్రశ్నను కుదించండి

ఆ అమ్మాయికి ఇచ్చిన అంశం "జ్ఞానం అంటే ఏమిటి?" రెండు వేల మాటల్లో దీనికి జవాబు రాయడం ఎవరి వల్లా కాదు. ప్లేటో 'థియటీటస్' అనే సంభాషణ మొత్తం ఈ ప్రశ్న మీదే నడిపి, నిలిచే నిర్వచనం దొరకకుండానే ముగించాడు. అంత పెద్ద పొలాన్ని మీరు ఒక్క రోజులో దున్నలేరు. ఒక మూల ఎంచుకోండి.

ఎంచుకోవడం ఎలాగంటే, చదివినదాంట్లో మీకు ఎక్కడ కాలు ఆగిందో గుర్తు చేసుకోండి. "ఇది అలా కాదేమో" అనిపించిన చోటే మీ వ్యాసం ఉంది. ఆ అమ్మాయికి పాఠంలో గెటియర్ దగ్గర ఆగింది. ఏదైనా ఒక విషయం మనకు తెలుసు అనాలంటే మూడు ఉండాలని అప్పటికి చాలామంది ఒప్పుకున్న లెక్క: దాన్ని మనం నమ్మాలి, అది నిజమై ఉండాలి, నమ్మడానికి తగిన కారణం ఉండాలి. అమెరికన్ తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ 1963లో మూడు పుటల వ్యాసం రాసి, ఈ మూడూ ఉన్నా తెలిసినట్టు కాని సందర్భాలు ఉంటాయని చూపించాడు. అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందే బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు అలాంటిదే ఒకటి చెప్పాడు. మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, ఇంకా పొగ లేవలేదు. పురుగులు గుంపుగా మూగాయి. దూరాన ఉన్నవాడు ఆ గుంపును చూసి పొగ అనుకుని, అక్కడ నిప్పు ఉందన్నాడు. నిప్పు నిజంగానే ఉంది. మరి అది వాడికి తెలిసినట్టేనా?

ఇది చదవగానే అమ్మాయికి తన మావయ్య గుర్తొచ్చాడు. ఎండాకాలం మొదట్లో ఒక తెల్లవారుజామున ఇద్దరూ బస్సులో మహేంద్రగిరి వైపు వెళ్తున్నారు. మావయ్య కిటికీలోంచి కొండ చూపించి "పోడు కాలుస్తున్నారు చూడమ్మా, పొగ లేస్తోంది" అన్నాడు. దగ్గరికి వెళ్లేసరికి అది పొగ కాదు, లోయలోంచి లేచిన మంచు. బస్సు మలుపు తిరిగింది. కొండ అవతలి వాలు మీద నిజంగానే పోడు కాలుతోంది.

అంతే, ఆమెకు వ్యాసం దొరికింది. పుస్తకంలోని ఉదాహరణను ఎత్తి రాయడం కన్నా, దానితో సరిపోయే మీ ఊరి ఉదాహరణను వెతికి పట్టుకోవడం ఎంతో మేలు. పుస్తకంలోని సంగతి మీకు నిజంగా అర్థమైందో లేదో ఆ వెతుకులాటలోనే తేలిపోతుంది.

ఒక్క వాక్యం రాసి, ఇంట్లో చెప్పండి

ఇప్పుడు మీరు అనదలచుకున్నదాన్ని ఒకే వాక్యంలో రాయండి. వ్యాసం ఏ భాషలో ఇవ్వవలసి ఉన్నా, ఈ వాక్యం మాత్రం ముందు తెలుగులో రాయండి. నేర్చుకున్న భాషలో పెద్ద మాటల చాటున దాక్కోవడం తేలిక. అమ్మతో మాట్లాడే భాషలో అది కుదరదు.

అమ్మాయి మొదట రాసిన వాక్యం: "జ్ఞానం అనేది సంక్లిష్టమైన, బహుముఖమైన భావన." దీన్ని కాదనేవాడు ఎవరూ ఉండరు. కాదనడానికి వీలులేని మాటకు వాదం అక్కర్లేదు, వ్యాసమూ అక్కర్లేదు. రెండోసారి రాసింది: "మంచును పొగ అనుకున్న మావయ్య మాట నిజమే అయినా, కొండ మీద నిప్పు ఉందని ఆయనకు తెలుసు అనలేం." ఇది వాక్యం. తెలివైనవాడు ఎవరైనా "ఎందుకనలేం?" అని అడగవచ్చు. మీ వాక్యానికి పరీక్ష ఇదే: ఆలోచించగల మనిషి దాన్ని కాదనగలగాలి.

తర్వాత ఆ వాక్యాన్ని తత్త్వశాస్త్రం చదవని మనిషికి చెప్పండి. అమ్మాయి నేరుగా మావయ్యకే చెప్పింది. ఆయన ఊరుకోలేదు. "నిప్పు ఉందన్నాను. ఉందా లేదా? ఉంది. మరి నాకు తెలియదంటావేమిటమ్మా?" అన్నాడు. ఆ మాటను చీటీ మీద రాసి పెట్టుకోమని నేనే చెప్పాను. దాని విలువ ఎంతో ఇంకాసేపట్లో చూస్తారు.

వాదాన్ని ఎముకలుగా విడదీయండి

పేరాలు రాయడం అప్పుడే మొదలుపెట్టవద్దు. ఒక కాగితం మీద మెట్లు రాయండి, మెట్టుకు ఒక్క వాక్యం చొప్పున. అమ్మాయి కాగితం ఇలా ఉంది:

1. కొండ మీద నిప్పు ఉందని మావయ్య నమ్మాడు.
2. కొండ మీద నిప్పు నిజంగానే ఉంది.
3. ఆ రోజుల్లో ఆ కొండల మీద పొగ కనిపిస్తే పోడు కాలుతున్నట్టేనని ఆయనకు ఏళ్ల అనుభవం. కాబట్టి నమ్మడానికి తగిన కారణం ఉంది.
4. కానీ ఆయన చూసింది మంచు.
5. కాబట్టి ఆయన చూసినదానికీ అక్కడ ఉన్న నిప్పుకూ సంబంధం లేదు.
6. కారణానికీ నిజానికీ సంబంధం లేనప్పుడు, మనిషికి అది తెలుసు అనలేం.
7. కాబట్టి ఆయనకు తెలుసు అనలేం.

ఇలా రాయగానే బరువంతా ఎక్కడ పడిందో కంటికి కనిపిస్తుంది. ఒకటి నుంచి అయిదు వరకు ఎవరూ తగాదా పడరు. మొత్తం వ్యాసం ఆరో మెట్టు మీద నిలబడి ఉంది. అంటే మీ పుటల్లో సగానికి పైగా ఆరో మెట్టుకే ఖర్చు కావాలి. నేను చూసే వ్యాసాల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. అందరూ ఒప్పుకునే మెట్లకు మూడు పుటలు, అసలు మెట్టుకు "కనుక స్పష్టమవుతున్నది" అన్న రెండు ముక్కలు. ఎక్కడ "స్పష్టంగా", "నిస్సందేహంగా" అని రాయాలనిపిస్తుందో అక్కడ ఆగండి. చాలాసార్లు వాదం లేని ఖాళీని ఆ మాట కప్పుతూ ఉంటుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. న్యాయశాస్త్రంలో (కోర్టుల న్యాయం కాదు, మన పాత తర్క దర్శనం) వాదానికి అయిదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉంది. పొగ ఉంది కనుక. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో మాదిరిగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పు ఉంది. ఇందులో ఉదాహరణను కూడా ఒక అవయవంగా లెక్కపెట్టారని గమనించండి. అది తీసేస్తే వాదానికి ఒక అంగం పోయినట్టే. మీ వ్యాసంలోనూ ఉదాహరణకు అంత పని ఉండాలి. దాన్ని తీసేసినా వాదం అలాగే నిలుస్తోందంటే, ఆ ఉదాహరణ అక్కడ ఊరికే కూర్చుందన్నమాట. మావయ్య చేసిన తప్పుకూ ఈ శాస్త్రంలో పేరుంది. పొగ అనుకున్నది పొగే కానప్పుడు ఆ హేతువు అసిద్ధం, అయిదు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించి హేతువు కానివాటిలో, ఒకటి. లాజిక్ నోట్సులో బట్టీ పట్టిన ఆ జాబితాను ఇలా బతికున్న సందర్భానికి తగిలిస్తే వ్యాసంలో ప్రాణం వస్తుంది.

మాటల దగ్గర జాగ్రత్త

సరిహద్దున ఉండే మనకు ఈ మెట్టు మిగతావారికన్నా ఎక్కువ అవసరం. ఒకే సంస్కృత పదం మన ఇంట్లో ఒక అర్థంతో, వీధిలో మరో అర్థంతో, తరగతిలో ఇంకో అర్థంతో తిరుగుతుంది. ఒడియా అధ్యాపకులు "ప్రబంధ" రాసి తెమ్మంటే వ్యాసం తెమ్మని. మనకు ప్రబంధం అంటే రాయల కాలపు కావ్యాలు గుర్తొస్తాయి. వాళ్ల "ఉపన్యాస" నవల, మన ఉపన్యాసం వేదిక మీది ప్రసంగం. వాళ్లు "శిక్షా" అంటే చదువు, మనం శిక్ష అంటే దండన. ఇవి బజారులో నవ్వుకుని వదిలేయగలిగినవి. వ్యాసంలో కొంప ముంచేవి వేరే ఉన్నాయి.

తెలుగులో "అనుమానం" అంటే సందేహం, శంక. న్యాయంలో అనుమానం అంటే హేతువు నుంచి తీర్మానానికి వెళ్లే ప్రమాణం, అంటే దాదాపు దానికి ఎదురు. "ప్రమాణం" మనకు ఒట్టు. అక్కడ సరైన జ్ఞానానికి సాధనం. "ప్రతిజ్ఞ" మనకు శపథం. అక్కడ నిరూపించబోయే వాక్యం. "పక్షం" మనకు పదిహేను రోజులు లేదా ఒక వర్గం. అక్కడ ఏ కొండ గురించి మాట్లాడుతున్నామో ఆ కొండ. ఇలాంటి మాట మొదటిసారి వాడినప్పుడే, నేను దీన్ని ఈ అర్థంలో వాడుతున్నాను అని ఒక వాక్యం రాయండి. ఆ తర్వాత చివరిదాకా అదే అర్థంలో వాడండి. కవిత్వంలో ఒక మాటకు నాలుగు పర్యాయపదాలు వాడితే అందం. ఇక్కడ ఒకే సంగతికి ఒకచోట జ్ఞానం, ఒకచోట ఎరుక, ఇంకోచోట అవగాహన అని రాస్తే, మూడు సంగతులు చెబుతున్నారేమోనని చదివేవారు తికమకపడతారు.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు "జ్ఞానం" అన్న మాటే. ఇంగ్లీషు పాఠంలో జ్ఞానం అంటే నిజమైనదే. తప్పుడు జ్ఞానం అనే మాటకు అక్కడ అర్థం లేదు. న్యాయంలో తాడును పాము అనుకోవడం కూడా జ్ఞానమే, అయితే భ్రమ. అందులో నిజమైన అనుభవానికి వేరే పేరు, ప్రమ. అమ్మాయి మొదటి చిత్తుప్రతిలో ఒక పేరాలో జ్ఞానం గెటియర్ అర్థంలో, తర్వాతి పేరాలో న్యాయ అర్థంలో నడిచింది. తనకు తెలియకుండానే వంతెన మధ్యలో రోడ్డు మారింది.

పూర్వపక్షాన్ని పూర్తి బలంతో నిలబెట్టండి

ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు. వ్యాసం గట్టిదా కాదా అని నేను చూసేది ఇక్కడే.

మన సంప్రదాయంలో సిద్ధాంతం చెప్పేవాడు ముందు ఎదుటివాడి మాట, అంటే పూర్వపక్షం, చెప్పి తీరాలి. అది కూడా ఎదుటివాడు విని "అవును, నేను అన్నది ఇదే" అని ఒప్పుకునేలా చెప్పాలి. కంటికి కనిపించినదాన్నే నమ్మాలన్న చార్వాకుల మూలగ్రంథాలు దాదాపు దొరకవు. వాళ్ల మాట మనకు ఎక్కువగా వాళ్లను ఖండించినవారి రాతల్లోంచే తెలుసు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని అన్ని కాలాలకూ అన్ని చోట్లకూ కలిపి ఎవరు చూసి వచ్చారు అన్న వాళ్ల ప్రశ్నను, ఆ ప్రత్యర్థులే ఎంత పదునుగా రాసి ఉంచారంటే, నేటికీ అది మనల్ని నిద్రపోనివ్వదు. 18వ శతాబ్దంలో స్కాట్లండ్ తత్త్వవేత్త హ్యూమ్ తన దారిన తాను వచ్చి చేరింది కూడా ఈ ప్రశ్న దగ్గరికే. ప్రత్యర్థి మాటను అంత న్యాయంగా రాయగలగడం నేర్చుకోండి.

పర్లాకిమిడి పిల్లలకు నేను గిడుగు రామమూర్తిగారిని కూడా చూపిస్తాను. అక్కడి బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన మనిషి. వ్యావహారిక భాష కోసం వాదించినప్పుడు ఆయన గ్రాంథికవాదుల చోటికే వెళ్లి నిలబడ్డారు. వాళ్లు గౌరవించే వ్యాకరణాన్నే పట్టుకుని, వాళ్ల రాతల్లోనే ఆ వ్యాకరణానికి సరిపడని ప్రయోగాలను ఏరి చూపించారు. ప్రత్యర్థి ఒప్పుకునే ప్రమాణంతో ప్రత్యర్థిని ఎదుర్కోవడం అంటే అది.

ఇప్పుడు మావయ్య చీటీ బయటికి తీయండి. "నిప్పు ఉందన్నాను, ఉంది. ఇంకేం కావాలి?" చదువులేని వాదం అని దాన్ని తోసేయడానికి లేదు. 17వ శతాబ్దంలో అన్నంభట్టు తన న్యాయ పాఠ్యగ్రంథం తర్కసంగ్రహంలో యథార్థానుభవాన్ని నిర్వచించినది ఇలాగే: ఒక వస్తువులో ఏది ఉందో అదే ఉన్నట్టు తోచడం. కొండకు నిప్పు ఉంది, నిప్పు ఉన్నట్టే మావయ్యకు తోచింది. ఈ నిర్వచనం ప్రకారం ఆయనకు కలిగింది యథార్థమే, ప్రమే. ఆయన దారి తప్పి ఉండవచ్చు, కానీ చేరవలసిన చోటికి చేరాడు. అమ్మాయి వ్యాసానికి ఇంతకన్నా బలమైన అభ్యంతరం లేదు. అది బస్సులో పక్క సీటులోనే కూర్చుని ఉంది.

మొదట ఆమె పెట్టిన పూర్వపక్షం వేరు: "కొందరు తెలుసు అన్నా తెలియదు అన్నా ఒకటే అంటారు." ఆ కొందరు ఎవరో ఎవరికీ తెలియదు, వాళ్లు ఎందుకు అంటున్నారో లేదు. గడ్డిబొమ్మను నిలబెట్టి కొడితే చేతికి దెబ్బ తగలదు, చూసేవారికి నమ్మకమూ కలగదు. న్యాయసూత్రాల్లో చర్చను మూడు రకాలుగా చెప్పారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ మాటా లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికి మాత్రమే చేసేది వితండం. మీ వ్యాసం మొదటి రకానికి చెందాలి.

జవాబు చెప్పండి, అవసరమైతే తగ్గండి

జవాబులో ముందు ఎంతవరకు ఒప్పుకుంటున్నారో చెప్పండి. అమ్మాయి చివరి ప్రతిలో ఇలా రాసింది: "మావయ్యకు కలిగినది యథార్థమని ఒప్పుకుంటాను. అన్నంభట్టు నిర్వచనం అడిగేది ఆ తోచిన సంగతి వస్తువుకు సరిపోయిందా అని. నేను అడుగుతున్నది వేరే ప్రశ్న: ఆయన మాటను పట్టుకుని ఇతరులు నడవవచ్చా? రేపు అవతలి వాలు మీద మంట లేనప్పుడు కూడా ఆయన అదే మంచును చూసి అదే మాట అంటాడు. అలాంటి దారిలో వచ్చిన నిజాన్ని 'ఆయనకు తెలుసు' అనడానికి నేను సిద్ధంగా లేను."

చూడండి, ఇక్కడ ఆమె కొంత వెనక్కి తగ్గింది. ఆ తగ్గడం వల్ల ఆమె మాట ఇంకా గట్టిపడింది. మొదటి వాక్యాన్ని సరిదిద్ది, "యథార్థమైనా" అన్న మాటను స్పష్టంగా చేర్చింది. ఆరో మెట్టుకు ఇప్పుడు ఒక కారణం దొరికింది: రేపటి ఉదయం. ప్రశ్న రెండుగా చీలిపోతుందని కనిపెట్టడమే ఆ వ్యాసంలో ఆమె సొంతంగా సాధించినది. కొత్త సిద్ధాంతం కనిపెట్టాలని డిగ్రీ విద్యార్థిని ఎవరూ అడగరు. కలిసిపోయి ఉన్న రెండు ప్రశ్నలను విడదీస్తే చాలు, చదివేవారు నిటారుగా కూర్చుంటారు.

జవాబు దొరకకపోతే ఏం చేయాలి? దొరకలేదని రాయండి. ఎందుకు దొరకలేదో, ఆ అభ్యంతరం మీ వాదంలో ఏ మెట్టును కదిలిస్తోందో రాయండి. పూర్వపక్షాన్ని దాచేసిన వ్యాసం కన్నా దానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇప్పుడు రాయడం

ఇంత పని అయ్యాక రాయడం రెండు సాయంత్రాల పని. మొదటి పేరాలోనే మీ వాక్యం రావాలి. "అనాది కాలం నుంచి మానవుడు జ్ఞానం కోసం అన్వేషిస్తూనే ఉన్నాడు" అని మొదలుపెట్టకండి. ఆ వాక్యం ఏ వ్యాసానికైనా అతుకుతుంది, అంటే మీ వ్యాసానికి చెందదు. ఇలా మొదలుపెట్టండి: "మంచును పొగ అనుకుని కొండ మీద నిప్పు ఉందన్న మనిషి మాట యథార్థమైనా, అతనికి తెలుసు అనలేమని ఈ వ్యాసంలో వాదిస్తాను. ముందు గెటియర్ సమస్యను ఒక ఉదాహరణతో చెబుతాను. తర్వాత తర్కసంగ్రహం నుంచి వచ్చే అభ్యంతరాన్ని పరిశీలిస్తాను." కథలాగా చివరిదాకా దాచవలసిన రహస్యం ఇందులో ఏమీ లేదు. "నేను" అని రాయడానికి వెనుకాడకండి. వాదం మీదే కదా.

ఉటంకింపులు తక్కువ. ఒక పంక్తి తీసుకుంటే దాని కింద మూడు పంక్తులు మీ మాటల్లో వివరించాలి. వివరించలేనిదాన్ని తీసుకోకండి. ఎక్కడి నుంచి తీసుకున్నారో తప్పక చెప్పండి. ఫోనులో దొరికినదాన్ని దించుకుంటే మార్కులు పోతాయన్నది చిన్న నష్టం. ఆరో మెట్టు దగ్గర ఆగి ఆలోచించే అవకాశమే పోతుంది, అది పెద్ద నష్టం.

వాక్యాలు పొట్టిగా ఉండనివ్వండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసేటప్పుడు బరువైన మాటల మీద మోజు పుడుతుంది, పరాయి భాషలో మన తెలివి కనబడాలన్న తాపత్రయంతో. దాన్ని నేను అర్థం చేసుకోగలను, ఆ వయసులో నేనూ అలాగే రాశాను. కానీ పరీక్షించేవారికి కావలసింది మీ మెట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా అన్నదే. ప్రతి పేరా పక్కన పెన్సిలుతో అది ఏ మెట్టుదో అంకె వేయండి. అంకె పడని పేరాను, ఎంత అందంగా ఉన్నా, తీసేయండి.

రెండు రోజులు వ్యాసాన్ని పక్కన పెట్టి, ఆ తర్వాత పైకి చదవండి. వీలైతే ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబుతూ చదవండి. అమ్మాయి మావయ్యకే చదివి వినిపించింది. ఆయన రెండుచోట్ల ఆపి "అదెలాగ?" అని అడిగాడట. ఆ రెండుచోట్లా ఆమె ఒక మెట్టు దాటేసి దూకింది. మీ శ్రోత ఆపిన చోట్ల గీత పెట్టుకోండి. ఆ రాత్రి ఆ గీతల దగ్గర మాత్రమే కూర్చుని, దాటేసిన వాక్యాన్ని చేర్చి, మరునాడు ఇచ్చేయండి.